వాడుకునే వస్తువు కళ అవుతుందా? ధర్మవరం నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇదే కదా: ఇంట్లో వాడుకోవడానికి చేసింది చేతిపని, ఏ అవసరమూ లేకుండా చేసిందే అసలైన కళ అంటారు, నిజమేనా అని. నేను ఒప్పుకోను. మాది ధర్మవరం. పాత అనంతపురం జిల్లానే, ఇప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయింది. మా మండలంలోనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లో ఒకే మనిషి, అదే మేకతోలు మీద, అవే ఉలులతో పొద్దున రాముడి బొమ్మ చేస్తాడు, మధ్యాహ్నం ల్యాంప్‌షేడ్ చేస్తాడు. మీరు చెప్పిన లెక్కన ఆయన అన్నం తిని లేచేలోపు కళాకారుడు కాస్తా పనివాడు అయిపోవాల.

అసలు బొమ్మలాటకు అవసరం లేదని ఎవరన్నారు? మా వైపు వానల్లేని ఏడాది ఊరంతా చందాలు వేసుకుని విరాటపర్వం ఆడించేవాళ్లు, ఆడిస్తే వాన పడుతుందని. పడకపోతే డబ్బులు వెనక్కి అడిగారని మాత్రం మా అవ్వ ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు గుర్తున్నదల్లా ఆట మధ్యలో వచ్చి నవ్వించే జంట కేతిగాడు, బంగారక్కల బూతు మాటలే, అవి ఇక్కడ రాస్తే నా అకౌంట్ తీసేస్తారు.

ఏది కళో నాకు తెలిసొచ్చింది నిమ్మలకుంటలో ఒకరింట్లో కూర్చుని పని చూస్తున్నప్పుడు. ఆయన బొమ్మ మెడలో హారానికి చిల్లులు కొడుతున్నాడు, కాసేపు కొట్టడం, తోలు ఎత్తి కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడటం, మళ్లీ కొట్టడం. కింద పెట్టి చూస్తే చాలదా అని అడిగాను. "మీరు తెరకు ఆ పక్క కూర్చుంటారు కదన్నా, నేను ఈడ చూసుకుంటే ఏం లాభం" అన్నాడు. రంగు రెండు వైపులా వేసేదీ, నగలన్నీ చిల్లులతో చేసేదీ అందుకే, వెనక దీపం పెడితేనే అవి మెరుస్తాయి.

కళకు నా గుర్తు అదే. చేస్తున్నంతసేపూ చేసేవాడు తన చోటు వదిలి చూసేవాడి చోట్లో కూర్చుంటున్నాడా లేదా. ఆ లెక్కన బాగా చేసిన ల్యాంప్‌షేడ్ కూడా కళే, బల్బు వేస్తే గోడ మీద వెలుగు ఎలా పడుతుందో చూసుకుని చేసినదైతే. పెద్ద ఆర్డరు వచ్చిందని అదే చిలక, అదే పువ్వు వందసార్లు దించేసి ఒక్కసారి కూడా వెలుగుకు పట్టి చూడనిది కాదు, అది దేవుడి బొమ్మ అయినా సరే. ఎవరికీ చూపించకుండా రాసుకునేవాళ్ల సంగతేంటని ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లు కూడా రేపు చదువుకునేటప్పుడు ఇంకొకరే కదా.

లేపాక్షి గుడికి పోతే చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫొటో తీసుకుని బస్సెక్కుతారు. కొంచెం తల ఎత్తండి. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో, సున్నపు పూత మీద వేసిన బొమ్మలు కప్పు మీద పట్టీలు పట్టీలుగా ఉంటాయి, పార్వతీ కల్యాణం, రాముడి పట్టాభిషేకం, రథంతో దూడను తొక్కించి చంపిన కొడుక్కు అదే శిక్ష వేసిన మనునీతి చోళుడి కథ. నిలబడి చూస్తే మెడ నొప్పి, నడుస్తూ చూస్తే కథ మనతో పాటు కదులుతుంది. మంచె కట్టుకుని కప్పుకు ఆనుకుని వేసినవాడికి అంతా ఒకేసారి కనబడే అవకాశమే లేదు, అయినా కింద నడిచేవాడి కోసం పేర్చాడు. అక్కడి లతామండపం స్తంభాల మీది డిజైన్లను మా ఊరి నేతగాళ్లు చీరల్లోకి తెచ్చుకున్నారు. రాతి మీద ఉన్నంతసేపు కళ, పెళ్లికూతురు కట్టుకుంటే చేతిపని అంటామా?

చివరగా, నిమ్మలకుంటలో బొమ్మ కొంటే చాలామంది చేసినట్టు వెనక అట్ట పెట్టి ఫ్రేమ్ కట్టించి గోడకు కొట్టకండి, మబ్బుగా, మురికిగా కనబడుతుంది. కిటికీకి వేలాడదీయండి, లేదా వెనక చిన్న ఎల్‌ఈడీ పెట్టండి. పాతరకం వేడి బల్బు మాత్రం దగ్గరగా వద్దు, తోలు ముడుచుకుంటుంది.