జెంటూ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ‘స్టేబుల్’ (పరీక్షించి, నమ్మకంగా వాడొచ్చని గుర్తించినది) కావడానికి అంత ఆలస్యం ఎందుకు?

పరీక్షించే వలంటీర్లు తక్కువ కావడమే ప్రధాన కారణం. కొత్త వెర్షన్ మామూలుగా 30 రోజులు టెస్టింగ్‌లో ఉంటుంది. పెద్ద బగ్‌లు బయటపడకపోతే స్టేబుల్ చేయమని అడుగుతారు. అప్పుడు ఒక్కో ప్రాసెసర్ రకం మీదా విడిగా పరీక్షించాలి. అరుదైన మెషీన్లేమో అందరి దగ్గరా ఉండవు.

అందుకే కొంత సడలింపు ఇచ్చారు. ఉదాహరణకు, పూర్తిగా పైథాన్ భాషలో రాసిన ప్యాకేజీకి (సాఫ్ట్‌వేర్‌కి) ప్రాసెసర్ రకంతో పనిలేదు కాబట్టి, మెయింటెయినర్ (దాని బాగోగులు చూసే వ్యక్తి) అనుమతిస్తే ఒక్క ప్రాసెసర్ మీద పాసైనా అన్నిటికీ స్టేబుల్ చేయొచ్చు. మిప్స్ అనే ప్రాసెసర్ రకానికైతే స్టేబుల్ ముద్రే లేదు, అన్నీ టెస్టింగే. పరీక్షించకుండా ముద్ర వేయడం కంటే అదే నయం.

30 రోజులు నిండగానే దానంతటదే స్టేబుల్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఎదురుచూడాల్సిన గడువు మాత్రమే. సెక్యూరిటీ లోపాన్ని సరిచేసే వెర్షన్‌కు ఆ గడువు కూడా అడ్డు కాదు.