మావారు నా పేరు మీద టాస్కులు రాస్తున్నారు

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, మారతహళ్లిలో ఉంటున్నాం. ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. బాబు రెండో తరగతి. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఏదో ఒకటి మర్చిపోతున్నామని కొన్ని నెలల క్రితం మావారు చేయాల్సిన పనులు రాసుకునే టోడోయిస్ట్ యాప్‌లో ‘ఇల్లు’ అని ఒక లిస్ట్ పెట్టి, నన్నూ చేర్చారు. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు మీటింగ్‌లో ఉండగా ఫోన్ మోగుతుంది. చూస్తే ‘బాబు బూట్లు’, ‘అమ్మ మందులు’, ‘ట్యాంకర్ వాడితో మాట్లాడాలి’ - అన్నీ నా పేరు మీదే. రాత్రి పదకొండింటికి కూడా వస్తాయి. ఆయన పేరు మీద కరెంటు బిల్లు, కారు ఇన్సూరెన్స్ లాంటివి ఉంటాయి. తేదీ దాటినవి ఎర్రగా కనిపిస్తాయి. భోజనాల దగ్గర ఫోన్ తీసి “ఇది మంగళవారం నుంచి పెండింగ్‌లో ఉంది” అంటారు. విసుగొచ్చి కొన్ని టాస్కులు చెప్పకుండా డిలీట్ చేశాను. తెలిసి పెద్ద గొడవైంది. “నోటితో చెప్తే మర్చిపోతావు, రాస్తే తప్పా?” అంటున్నారు. ఫోన్ మోగితేనే టెన్షన్, నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. తప్పు నాదేనా?
- ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, రాయడం తప్పు కాదు. మిమ్మల్ని అడక్కుండా మీ పేరు మీద రాయడం దగ్గరే వచ్చింది చిక్కంతా. మీ ఆఫీసులో కూడా పనులు (మీ భాషలో టికెట్లు) పేర్ల మీదే పడతాయి కదా. కానీ అక్కడ దానికి ముందు ప్లానింగ్ మీటింగ్ ఉంటుంది. “ఈ వారం నావల్ల కాదు, చేతిలో ఇప్పటికే రెండున్నాయి” అనే వీలు మీకుంటుంది. మీవారు ఆఫీసు నుంచి పని అప్పగించే ‘అసైన్’ బటన్ ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నారు, ఆ మీటింగ్‌ని అక్కడే వదిలేశారు. చెడ్డ ఉద్దేశంతో చేశారని నేననుకోను. రాసేస్తే తన వంతు పని అయిపోయిందని ఆయన నిజంగానే నమ్ముతున్నట్టుంది.

‘అమ్మ మందులు’ అనే టాస్కునే చూడండి. రాసిన ఆయనకు అది రెండు మాటలు. చేసే మీకో? స్ట్రిప్‌లో ఎన్ని మాత్రలు మిగిలాయో చూడాలి. చీటీ ఎక్కడుందో వెతకాలి. పోయినసారి డాక్టరు డోసు మార్చారా లేదా గుర్తు తెచ్చుకోవాలి. షాపులో అదే కంపెనీది లేదంటే వేరేది తీసుకోవచ్చా అని ఫోన్ చేసి కనుక్కోవాలి. తెచ్చాక పొద్దునవి, రాత్రివి విడదీసి అత్తయ్యగారికి చెప్పాలి. కరెంటు బిల్లు అలాంటిది కాదు. ఫోన్‌లో రెండు నొక్కులతో అయిపోతుంది, టిక్కు పడుతుంది. లిస్టులో మాత్రం రెండూ ఒక్కో లైనే. అందుకే ఆయన టిక్కులు గబగబా పడతాయి, మీవి ఎర్రబడతాయి.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. ఈ లెక్క ఆయన మీద విసరడానికి చెప్పడం లేదు. లోపం మీ సామర్థ్యంలో ఉందని మీరు అనుకోకుండా ఉండటానికి చెప్తున్నాను.

ఇక మీ వైపు మాట. చెప్పకుండా డిలీట్ చేయడం వల్ల “అసలు మాటే తనకి పట్టదు” అని ఆయన అనుకునే వీలు దొరికింది. “ఇది నేను చేయలేను” అని చెప్పి తీసేసి ఉంటే గొడవ అప్పుడే అయ్యేది, కానీ న్యాయమైన గొడవ అయ్యేది. ఇంకో సంగతి, మీరు ఆ లిస్టులో ఒక్క టాస్క్ రాసినట్టు కూడా మీ ఉత్తరంలో లేదు. టిఫిన్ డబ్బా, హోంవర్కు, పనమ్మాయి రాకపోతే ఆ పూట సర్దుబాటు, తడి చెత్త పొడి చెత్త వేరు చేయడం, ఇవేవీ అందులో లేవు కాబట్టి ఆయన లెక్కలోనూ లేవు. ఒక్క వారం పాటు చేసినవన్నీ అందులో రాసి టిక్ పెట్టండి. వారం చాలు. అంతకు మించి రాస్తే అదో కొత్త చాకిరీ అవుతుంది.

ఆ వారం అయ్యాక, శనివారం టిఫిన్లయ్యాక కూర్చోండి. భోజనాల దగ్గర వద్దు, ఏదో ఎర్రబడిన రోజు అసలే వద్దు. “ఏమండీ, లిస్ట్ ఉండటం నాకూ ఇష్టమే. కానీ నా పేరు నేనే రాసుకుంటాను, మీ పేరు మీరు రాసుకోండి” అనండి. ఇంట్లో పని ఏది కనపడినా ఎవరి పేరూ లేకుండా పడేయడం, శనివారం ఇద్దరూ కలిసి పంచుకోవడం, ఇంతే నియమం. అర్జెంటైతే ఫోన్ చేసి అడగాలి, యాప్‌లో కాదు.

పంచుకునేటప్పుడు ముక్కలుగా కాకుండా మొత్తంగా పంచుకోండి. నీళ్ల వ్యవహారం ఒకరిదైతే ట్యాంకర్, వాటర్ క్యాన్, ఆర్‌ఓ ఫిల్టర్ అన్నీ వాళ్లవే, గుర్తుంచుకోవడం కూడా వాళ్లదే. సంక్రాంతి ప్రయాణం ఆయనకివ్వండి. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. అంటే జనవరి 12 ప్రయాణానికి నవంబర్ 13న. తేదీ పెట్టాల్సింది ఇలాంటి వాటికే. ‘అటక సర్దాలి’కి తేదీ పెడితే అది ఎర్రబడి ఇద్దరి మూడ్ పాడుచేయడం తప్ప ఇంకేమీ చేయదు. ఫిల్టర్ మార్చడం లాంటి వాటికి టోడోయిస్ట్‌లో ‘ఎవ్రీ’ పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి ఎన్ని నెలలకోసారో రాస్తే (‘every! 3 months’ అన్నట్టు), మీరు పని పూర్తిచేసిన రోజు నుంచి కొత్త గడువు లెక్కేస్తుంది. ‘బాబు బూట్లు’ అని ఊరుకోకుండా ‘పీటీకి తెల్ల బూట్లు కొనాలి, శుక్రవారంలోపు’ అని రాస్తే, ఉతకాలా కొనాలా అని ఇంకొకరు బుర్ర గోక్కోనక్కర్లేదు.

ఆఫీసు వేళల్లోనూ రాత్రి తొమ్మిది తర్వాతా ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఆపుతున్నానని ఆయనకు చెప్పి మరీ ఆపండి. అయినా నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సేవే, తెలుగులో మాట్లాడొచ్చు. మీరు రాయలేదు గానీ అడగాలి: మీ ఫోన్, మీ జీతం, మీరు ఎక్కడికి వెళ్తున్నారు అన్నవి కూడా ఆయన ఇలాగే తనిఖీ చేస్తున్నారా? నలుగురిలో తక్కువ చేసి మాట్లాడతారా? అదే నిజమైతే ఇది లిస్టు గొడవ కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, మళ్లీ నాకూ రాయండి.

అత్తయ్యగారి మందులు మాత్రం మొదటి శనివారమే ఆయన పేరు మీదకు వెళ్లాలి. ఆవిడ ఆయన తల్లి. కష్టం ఇక్కడ మీకే ఉంటుంది. ఆవిడ అలవాటు కొద్దీ మీకే చెప్తారు, “అబ్బాయికే చెప్పండి అత్తయ్యా” అని నవ్వుతూ ప్రతిసారీ అనాలి. ఆయన ఒకటి రెండుసార్లు మర్చిపోతారు కూడా. బీపీ, షుగర్ మాత్రలతో పంతాలు పనికిరావు కాబట్టి ఒక వారానికి సరిపడా మాత్రలు అదనంగా బీరువాలో పెట్టండి. వాటిని తీయాల్సి వస్తే తీయండి, కానీ మళ్లీ తెచ్చి అక్కడ పెట్టే పని కూడా ఆయనదేనని ముందే అనుకోండి.