పాత కంపెనీ మన గురించి కొత్త కంపెనీకి ఏమేం చెప్పొచ్చు?

నిజమైతే చాలు, మనకు నచ్చని విషయాన్ని కూడా పాత యజమాని చెప్పొచ్చు. చాలా దేశాల్లో చట్టం దానికి అడ్డు రాదు. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదాలతో పాటు పనితీరు, హాజరు, ఉద్యోగంలోంచి తీసేసిన కారణం కూడా ఇందులోకే వస్తాయి.

చట్టం పట్టుకునేది అబద్ధాన్ని. తప్పని తెలిసీ చెప్పినా, సరిచూసుకోకుండా నోరు జారినా, దానివల్ల రావాల్సిన కొత్త ఉద్యోగం చేజారితే దావా వేయొచ్చు. బ్రిటన్‌లో అయితే రెఫరెన్స్ (పాత ఉద్యోగి గురించి కొత్త కంపెనీకి చెప్పే మాట) ఇచ్చేవాళ్లు తగిన జాగ్రత్త తీసుకోవాల్సిందేనని 1994లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది. అమెరికాలో చాలా రాష్ట్రాలు సదుద్దేశంతో నిజం చెప్పిన యజమానికి రక్షణ కల్పిస్తాయి.

ఉదాహరణకు, ‘తరచూ ఆలస్యంగా వచ్చేవాడు’ అన్నారనుకోండి. హాజరు రికార్డు ఉంటే ఆ మాటకు తిరుగులేదు. ఏ విచారణా జరపకుండా ‘డబ్బు కాజేశాడని మా అనుమానం’ అంటే మాత్రం చిక్కుల్లో పడతారు. ఆరోగ్య వివరాల సంగతి వేరు. అవి నిజమే అయినా గోప్యత, వివక్ష చట్టాలు అడ్డుపడొచ్చు.

‘తేదీలు, హోదా తప్ప ఇంకేమీ చెప్పకూడదు’ అని చాలామంది అనుకునేది చట్టం కాదు. దావాల గొడవెందుకని కంపెనీలు తమకు తాము పెట్టుకున్న నియమం. హెచ్‌ఆర్ విభాగం దాన్ని పాటిస్తుంది సరే, పాత మేనేజర్ ఫోన్‌లో అంతకు మించి మాట్లాడితే అది కంపెనీ నియమాన్ని మీరడమే, నేరమేమీ కాదు.