రెండో నెలలో రోజంతా వికారం, మలబద్ధకం: మాత్ర వేసుకోవచ్చా?

రాత్రి దాకా వికారం తగ్గట్లేదు, పోపు వాసన పడట్లేదు, విరేచనం సరిగా కావట్లేదు, అత్తగారేమో మందులు వద్దంటున్నారు అని అడిగారు. నాకు ఇద్దరు పిల్లలప్పుడూ ఇదే వరస.

వేవిళ్ళకి పొద్దూ మాపూ తేడా ఉండదండీ. మామూలుగా ఆరో వారం దగ్గర మొదలై, తొమ్మిదో వారానికి బాగా ముదిరి, నాలుగో నెలలో చాలామందికి సర్దుకుంటాయి. కడుపు ఖాళీ అయితేనే నాకు ఎక్కువ తిప్పేది. అందుకని మంచం పక్కనే మరమరాల డబ్బా పెట్టుకుని, లేవకముందే గుప్పెడు నమిలేదాన్ని. వేడన్నం ఆవిరికే డోకొచ్చేది, చల్లారిన పెరుగన్నం మాత్రం పోయేది. నీళ్ళు అన్నంతోపాటు కాకుండా, కాసేపాగి గుక్కగుక్కగా తాగాలి. పోపు మా ఆయన పెట్టేవారు, మాడ్చేవారనుకోండి, అది వేరే సంగతి.

ఇక మాత్ర. డాక్సిలమైన్ అనే మందు, బి6 విటమిన్ కలిసిన మాత్ర గర్భిణులకి దశాబ్దాలుగా ఇస్తున్నదే. నిద్ర మత్తుగా ఉంటుంది కాబట్టి నాకు రాత్రికి వేసుకోమన్నారు. మీ డాక్టరమ్మని అడిగి వేసుకోండి, మందుల షాపులో ఏదో ఒక వాంతుల బిళ్ళ మాత్రం కొనకండి. మీ అత్తగారి భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చిన థాలిడమైడ్‌ని వేవిళ్ళకి వాడి, వేలమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఎదక్కుండా పుట్టారు. ఇది ఆ మందు కాదని ఆవిడకి చెప్పండి.

మలబద్ధకం గర్భంతో పెరిగే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ పని. పేగుల కండరాలు సడలి తిన్నది నెమ్మదిగా కదులుతుంది, ఈలోగా నీరంతా పేగులు పీల్చేసుకుంటాయి. పుల్లతేన్పులు, ఛాతీలో మంట కూడా ఈ సడలింపు వల్లే, నెలలు నిండేకొద్దీ ఇంకా పెరుగుతాయి. తినగానే పడుకోకండి. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు మొదలైతే విరేచనం ఇంకా గట్టిపడొచ్చు, నల్లగా రావచ్చు, కంగారుపడకండి. టీతో, క్యాల్షియంతో కలిపి మాత్రం వేసుకోవద్దు. నాకు జామపండు, తోటకూర, నానబెట్టిన ఎండుద్రాక్ష పనిచేశాయి. ఎవరు చెప్పినా ఆముదం తాగొద్దు, నొప్పులు తెప్పించే గుణం ఉంది దానికి.

నీళ్ళు కూడా రోజంతా నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు పసుపుగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా, లేస్తే కళ్ళు తిరుగుతున్నా ఇంట్లో కూర్చోకండి. పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకు సెలైన్ పెట్టాల్సొచ్చింది. ఆ సాయంత్రమే చారన్నం నిలిచింది.