కంపెనీ డబ్బుతో పరిశోధన: చేరాలా, వద్దా?

ప్రశ్న: మాది గోదావరిఖని. నేను సింగరేణిలో పని చేస్తాను. మా అమ్మాయి వరంగల్‌లో ఎం.టెక్. పవర్ ఎలక్ట్రానిక్స్ చివరి సెమిస్టర్‌లో ఉంది. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ బ్యాటరీ చార్జర్ల మీద వాళ్ల డిపార్ట్‌మెంట్‌కు రెండేళ్ల ప్రాజెక్టు ఇచ్చిందట. అందులో చేరితే స్టైపెండ్ వస్తుంది, పీహెచ్‌డీ కూడా చేసుకోవచ్చు అని ప్రొఫెసర్ అంటున్నారు. మరోవైపు క్యాంపస్‌లో ఐటీ ఉద్యోగం వచ్చింది. అసలు ఇది ఉద్యోగమా, చదువా? రేపు కంపెనీ చేతులెత్తేస్తే మా అమ్మాయి గతేమిటి? పెళ్లి సంబంధాల వాళ్లకు ఏమని చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు: ఇది ఉద్యోగమూ చదువూ రెండూ. ప్రాజెక్టు వరకు మీ అమ్మాయి కాంట్రాక్టు ఉద్యోగి, పీహెచ్‌డీలో విద్యార్థి. రెండింటికీ కాగితాలు వేరు, తేదీలు వేరు. ప్రాజెక్టులో తీసుకున్నంత మాత్రాన పీహెచ్‌డీ సీటు వచ్చినట్టు కాదు. దానికి యూనివర్సిటీ విడిగా నోటిఫికేషన్ ఇవ్వాలి, ఇంటర్వ్యూ జరగాలి, గైడ్ దగ్గర ఖాళీ ఉండాలి. "ముందు చేరమ్మా, తర్వాత చూద్దాం" అన్న మాట నమ్మి చేరినవాళ్లలో కొందరికి ప్రాజెక్టు అయిపోయేదాకా రిజిస్ట్రేషనే కాదు. చివరికి చేతిలో మిగిలేది ఒక ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్.

మీ భయం గురించి. ఇలాంటి పోస్టుల నోటిఫికేషన్లలో దాదాపు ప్రతిసారీ ఒక వాక్యం కనిపిస్తుంది: ఈ పోస్టు ప్రాజెక్టుతో పాటే ముగుస్తుంది. కంపెనీ డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వదు. పని ఇంతవరకు పూర్తయింది అని రిపోర్టు వెళ్తే తర్వాతి విడత విడుదల చేస్తుంది. అందులో కొంత శాతం యూనివర్సిటీ తన ఖర్చుల కింద పట్టుకుంటుంది, మిగతా దాంట్లోంచి పరికరాలు, జీతాలు. విడత ఆలస్యమైతే స్టైపెండూ ఆగుతుంది. కాంట్రాక్టు పని ఎలా ఉంటుందో సింగరేణిలో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే కంపెనీ మధ్యలో వెళ్లిపోవడం కంటే పెద్ద సమస్య ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సు వర్కు (మొదట్లో చదవాల్సిన క్లాసులు)తో కలిపి కనీసం మూడేళ్లు పడుతుంది, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. నిట్ లాంటి సంస్థలకు సొంత నియమాలున్నాయి కానీ అక్కడా రెండేళ్లలో ఎవరూ బయటపడరు. అంటే అంతా సవ్యంగా జరిగినా మూడో ఏడు మీ అమ్మాయి చేతికి పైసా రాకపోవచ్చు. మూడో ఏడు స్టైపెండ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్‌స్టిట్యూట్ ఫెలోషిప్‌కు మారుస్తారా, ఇంకో ప్రాజెక్టులో పెడతారా? ప్రొఫెసర్ గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. తడబడితే తొందరపడకండి.

స్టైపెండ్ ఎంతన్నది కూడా ముందే తేల్చుకోండి. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000, ఇంటి అద్దె అదనం. కంపెనీ ప్రాజెక్టు ఆ లెక్కే పాటించాలని లేదు, నియామక ఆర్డరులో ఏముంటే అదే.

కంపెనీ ఇచ్చింది నిజంగా పరిశోధనేనా, కన్సల్టెన్సీనా అన్నది కూడా చూడాలి. కాంక్రీటు నమూనా పరీక్ష, డిజైన్ సరిచూడటం లాంటివి కన్సల్టెన్సీ. ఫీజు కడతారు, రిపోర్టు తీసుకుంటారు, అంతటితో సరి. అందులో యంత్రాల మీద చెయ్యి తిరుగుతుంది కానీ థీసిస్ పుట్టదు. "చార్జర్ తయారుచేసి ఇవ్వండి" అంటే నాకు కాస్త అనుమానమే. "చార్జర్‌లో కరెంటు నష్టం ఎందుకు ఎక్కువుంది, ఎలా తగ్గించాలి" అన్నది ప్రశ్న అయితే అందులో పీహెచ్‌డీకి సరిపడా పని ఉంది.

ఇక కంపెనీకీ యూనివర్సిటీకీ మధ్య జరిగిన ఒప్పందం. మొత్తం చూపించకపోవచ్చు, రెండు విషయాలైనా కనుక్కోమనండి. ఒకటి, పేపర్ల ప్రచురణ. పేటెంటుకు దరఖాస్తు చేయకముందే వివరాలు బయటికొస్తే కొత్తదనం పోయినట్టే లెక్క, అందుకే పేపరు పంపేముందు మాకు చూపించండి అని కంపెనీలు అడుగుతాయి. కొన్ని వారాలు ఆపితే న్యాయమే. "మా అనుమతి లేనిదే ఎప్పటికీ ప్రచురించకూడదు" అని రాసుంటే మాత్రం ఆ ప్రాజెక్టు పీహెచ్‌డీకి పనికిరాదు. పేపర్లు లేకుండా, వైవాలో (చివరి మౌఖిక పరీక్షలో) నలుగురి ముందు చెప్పలేని పనితో డాక్టరేట్ ఎలా వస్తుంది? రెండోది పేటెంటు. హక్కులు కంపెనీవో యూనివర్సిటీవో కావచ్చు, అది మామూలే. కానీ ఆవిష్కరణలో ఆమె పాత్ర ఉంటే ఆవిష్కర్తగా పేరు వేయించుకునే వీలు 1970 పేటెంట్ల చట్టంలోనే ఉంది. రేపు ఏ ఆర్ అండ్ డీ సెంటర్‌లో ఇంటర్వ్యూకు వెళ్లినా ఆ పేరుకు విలువ ఉంటుంది.

నా అభిప్రాయం అడిగితే, మీ అమ్మాయికి సర్క్యూట్లంటే ఇష్టం ఉండి, మూడో ఏటి సంగతి రాతపూర్వకంగా తేలితే ఐటీ ఉద్యోగం వదులుకోవచ్చు. పవర్ ఎలక్ట్రానిక్స్ చదివి, దానితో సంబంధం లేని కోడింగ్‌లో రెండేళ్లుంటే మళ్లీ ఈ దారికి రావడం కష్టం. మీ పక్కనే రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పెట్టింది. అక్కడి ఇన్వర్టర్లన్నీ ఆమె సబ్జెక్టే. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టు ఒక్కటే ఇస్తామంటే ఉద్యోగంలోనే చేరమనండి. తర్వాత ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు, యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి. యాజమాన్యం నుంచి అభ్యంతరం లేదన్న లేఖ మాత్రం తేవాలి.

ఎం.టెక్. సీట్లకు రాసే గేట్ పరీక్ష స్కోరు చెల్లేది ఫలితాలు వచ్చినప్పటి నుంచి మూడేళ్లే. ఎం.టెక్.లో చేరడానికి రాసిన స్కోరే అయితే గడువు దగ్గరపడి ఉంటుంది. ఏ దారి ఎంచుకున్నా మరోసారి రాయమనండి. ఫెలోషిప్‌కూ, ఎన్టీపీసీ లాంటి సంస్థల నోటిఫికేషన్లకూ అదే అక్కరకొస్తుంది.

సంబంధాల వాళ్లకు "పరిశోధన చేస్తోంది, స్టైపెండ్ వస్తోంది" అని చెప్పండి. ఇంకా అడిగితే అమ్మాయినే మాట్లాడనివ్వండి, మీకంటే ఆమే బాగా చెబుతుంది.