తీవ్రవాది అన్న ముద్ర వేసినవారిపై పరువునష్టం దావా వేయొచ్చా?

వేయొచ్చు. అయితే అన్యాయంగా నిర్బంధించినందుకు పరిహారం అడగడం వేరు, పరువు తీసినందుకు దావా వేయడం వేరు.

ఆస్ట్రేలియాలో పనిచేసిన భారతీయ వైద్యుడు డాక్టర్ మహమ్మద్ హనీఫ్ విషయమే చూడండి. 2007 జులై 2న పోలీసులు ఆయన్ను బ్రిస్బేన్ విమానాశ్రయంలో పట్టుకుని, 12 రోజులు ఏ అభియోగమూ లేకుండా ఉంచారు. ఆయన తన బంధువుకు ఇచ్చిన సిమ్ కార్డు, బ్రిటన్‌లోని గ్లాస్గో విమానాశ్రయంపై జరిగిన ఉగ్రదాడిలో వాడిన జీపులో దొరికిందని ప్రాసిక్యూషన్ కోర్టుకు చెప్పింది. నిజానికి అది దొరికింది లివర్‌పూల్‌లో! జులై 27న ప్రాసిక్యూషన్ కేసు వదులుకుంది. ఇంత జరిగాక ఆ మనిషి ఊరుకోవాలా?

అరెస్టు ఒక్కటే పరువునష్టం కాదు. మీ గురించి ఎవరో, ఎక్కడో, నలుగురికీ చేరేలా తప్పుడు మాట అని ఉండాలి. పార్లమెంటులో, కోర్టులో అన్న మాటలకు చట్టం రక్షణ ఇస్తుంది. బయట విలేకరుల ముందు అన్నవాటికి ఆ పూర్తి రక్షణ ఉండదు, దావాకు అసలు చోటు అదే. కాబట్టి క్లిప్పింగులు, వీడియోలు తేదీలతో దాచండి. ఆస్ట్రేలియాలో దావా వేయడానికి గడువు సాధారణంగా ఆ మాట బయటికొచ్చిన నాటి నుంచి 1 సంవత్సరమే, నిర్దోషిగా తేలేదాకా ఆగితే అది దాటిపోతుంది.

హనీఫ్‌కు 2010 డిసెంబరులో ప్రభుత్వం రాజీ కింద పరిహారం ఇచ్చింది, మొత్తం మాత్రం బయటపెట్టలేదు.