మిషనరీ ఫాదర్ బిషప్ అయితే సొంత సభతో బంధం తెగుతుందా?

ప్రశ్న: వరంగల్ మేత్రాసనానికి (బిషప్ పాలనలోని ప్రాంతానికి) మొదటి బిషప్ ఇటలీ మిషనరీ అని ఇంట్లో పెద్దలు చెబుతారు. మిషన్ పనికొచ్చిన ఫాదర్‌గారు బిషప్ ఎలా అవుతారు? ఎన్నికలుంటాయా? ఆ తర్వాత కూడా తన సభలోనే ఉంటారా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పెద్దలు చెప్పింది నిజమే. ఆయన పీమె (విదేశాల్లో మిషన్ పనికి గురువులను పంపే ఇటలీ సంస్థ) సభకు చెందిన అల్ఫోన్సో బెరెట్టా. మొదట హైదరాబాద్ బిషప్‌గా ఉన్నారు, 1953లో కొత్త పీఠమైన వరంగల్‌కు వచ్చి 1985 దాకా ఉన్నారు.

ఎన్నికల్లేవు, దరఖాస్తూ లేదు. కనీసం 35 ఏళ్లు నిండాలి, గురుపట్టం పొంది (ఫాదర్ అయి) ఐదేళ్లు దాటాలి. తగిన గురువుల పేర్లను బిషప్పులు మూడేళ్లకోసారైనా రహస్యంగా రోముకు పంపుతారు. పీఠం ఖాళీ అయ్యాక పాపుగారి (పోపు) రాయబారి విచారణ మొదలుపెడతారు. ఆ గురువును ఎరిగినవాళ్లకు ప్రశ్నాపత్రాలు వెళతాయి: బోధన ఎలా ఉంది, డబ్బు లెక్కలెలా చూస్తారు, కోపతాపాలేమిటి? జవాబిచ్చేవాళ్లు ఆ సంగతి అభ్యర్థికి కూడా చెప్పకూడదు. మనవాళ్ల దగ్గర తేడా వచ్చేది ఇక్కడే; గుట్టు బయటపడగానే కులం లెక్కలు, సంతకాల సేకరణ మొదలవుతాయి. చివరికి మూడు పేర్లు రోముకు చేరతాయి. పాపుగారు ఒకరిని ఎంచుకున్నాక ఆ గురువును అడుగుతారు, ఆయన వద్దనవచ్చు కూడా. ప్రకటన రోములో మిట్టమధ్యాహ్నం, అంటే మనకు కాలాన్ని బట్టి మూడున్నర లేదా నాలుగున్నర. అప్పటిదాకా పూలదండలు కొనకండి.

నియామక పత్రం అందిన మూడు నెలల్లో అభిషేకం జరగాలి. మామూలుగా ముగ్గురు బిషప్పులు తలపై చేతులుంచుతారు. అభిషేక ప్రార్థన సాగినంతసేపూ తెరిచిన సువార్త గ్రంథాన్ని ఆయన తలపై పట్టుకుంటారు. పాపుగారి ఆజ్ఞ లేకుండా చేస్తే, చేసినవారూ చేయించుకున్నవారూ వెలికి గురవుతారు.

ఇక సభ సంగతి. కపుచిన్లు, సలేషియన్ల లాంటి సభల్లో మాటపట్టు (దేవునికిచ్చే ప్రతిజ్ఞ) ఇచ్చిన మఠవాసి బిషప్ అయినా సభ్యుడిగానే ఉంటారు, కానీ విధేయత విషయంలో పాపుగారికే లోబడతారు. సభ పెద్ద (సుపీరియర్) ఇక బదిలీ చేయలేరు. పేదరికపు మాటపట్టుతో ఆస్తి హక్కు వదులుకున్నవారైతే, బిషప్‌గా వచ్చే ఆస్తి మేత్రాసనానిదే అవుతుంది. వాడకం, నిర్వహణ మాత్రం ఆయనవి. పీమె గురువులు మఠవాసుల్లా మాటపట్టు ఇవ్వరు కాబట్టి ఈ ఆస్తి నియమం వాళ్లకు ఇలాగే వర్తించదు.

75 ఏళ్లకు రాజీనామా సమర్పించాలి. మఠవాసి అయితే విశ్రాంతికి సభ ఇంటికే వెళ్లాలని లేదు, వేరేచోట ఉండవచ్చు. పోషణ భారం సాధారణంగా ఆయన సేవచేసిన మేత్రాసనానిదే, సభ తానే చూసుకుంటానంటే తప్ప.